పదిహేను వందల చుట్ల దగ్గర

రెండు అరచేతుల మధ్య కర్ర తిరుగుతోంది. అచ్చం కవ్వంతో మజ్జిగ చిలికినట్టే. కుడికి సగం చుట్టు, ఎడమకు సగం చుట్టు, అలా నాలుగైదు సార్లయ్యాక కాస్త పైకెత్తి, పావు చుట్టు జరిపి, మళ్ళీ చిలకడం. కర్ర చివర రబ్బరు గిన్నె, దానికి అతుక్కున్న ఇంజన్ వాల్వు, వాల్వుకూ సీటుకూ మధ్య బూడిదరంగు పేస్టు. మొదట గరగరమన్న చప్పుడు కాసేపటికి మెత్తబడింది. పట్టుబట్ట మీద వేలు రాసినంత సన్నగా అయ్యాక మెకానిక్ ఉస్తాద్ చెయ్యాపి, వాల్వును బయటికి తీసి గుడ్డతో తుడిచి వెలుగులో తిప్పాడు. అంచు చుట్టూ ఒకే వెడల్పున, ఎక్కడా తెగకుండా, మసక వెండిరంగు ఉంగరం. ఆ ఉంగరం మీద పెన్సిలుతో అడ్డగీతలు గీసి, సీట్లో పెట్టి ఒక్క పావు చుట్టు తిప్పి తీశాడు. గీతలన్నీ చెరిగిపోయాయి. ఒక్క గీత మిగిలినా అక్కడ వాల్వు ఆనడం లేదనే లెక్క.

ఇలాంటివి ఎనిమిది. ఎనిమిదీ అయ్యాక స్ప్రింగులు బిగించి, హెడ్డును పక్కకు ఒరిగించి, పోర్టుల్లో కిరోసిన్ పోశాడు. "ఛాయ్ తాగొద్దాం రా సార్, అంతదాంక అదే చెప్తది" అన్నాడు. తిరిగొచ్చేసరికి వాల్వుల ముఖాలు పొడిగా ఉన్నాయి. ఒక్కదాని అంచున మాత్రం సన్నటి చెమ్మ. ఆయన ఏమీ అనలేదు. ఆ వాల్వు స్ప్రింగు విప్పి, మళ్ళీ కర్ర చేతిలోకి తీసుకున్నాడు.

ఇది జరిగింది హైదరాబాద్‌లో, ఎల్బీనగర్ చౌరస్తా దాటి విజయవాడ రోడ్డు మీద వెళితే వచ్చే ఆటోనగర్‌లో. పక్కనే కృష్ణజింకలు తిరిగే హరిణ వనస్థలి, ఇటు పగలంతా సమ్మెట మోతలు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటున్న నాకు మెట్రో ఎల్బీనగర్ దాకా వచ్చిన 2018 నుంచి ఈ దారి మరీ దగ్గరైంది. లారీల బాడీలు కట్టేవాళ్ళు, కమానులు కొట్టేవాళ్ళు, క్రాంకులు గ్రైండింగ్ చేసేవాళ్ళు, గేరుబాక్సులు తప్ప ఇంకోటి ముట్టనివాళ్ళు ఈ వీధుల్లో ఉంటారు. నా పాత మహీంద్రా ఎంఎం540 జీపుకి ఇంజన్ మార్చాల్సి వచ్చినప్పుడు ఇక్కడ నేను చూసిన పనిని, ఆ పనిని భరించగల ఇంజన్‌నీ మీకు పరిచయం చెయ్యాలని ఈ వ్యాసం.

జీపులో పుట్టుకతో వచ్చింది ప్యూజో ఎక్స్‌డీపీ 4.90 డీజిల్ ఇంజన్. 2112 సీసీ. ఫ్రెంచి కంపెనీ లైసెన్సుతో మహీంద్రా మన దేశంలోనే చేసింది. మంచి ఇంజన్, మెత్తగా నడుస్తుంది. కానీ నాది రెండోసారి బోరుకొచ్చింది, నమ్మకమైన విడిభాగం దొరకడం ఏటేటా కష్టమవుతోంది. రోడ్డు లేని చోటికి వెళ్ళే బండికి ఇంజన్ ఆగిపోతే అక్కడికి ఏ క్రేనూ రాదు. అందుకే మార్చాలనుకున్నాను. అనుకోగానే ఎవరి నోట విన్నా హార్స్‌పవర్ మాటే. స్కార్పియో మొదట్లో వచ్చిన 2.6 టర్బో పెట్టించుకో, 109 గుర్రాలు అన్నారొకరు. కామన్ రైల్ ఇంజన్ పెట్టు, బాణంలా పోతుంది అన్నారు ఇంకొకరు.

ఉస్తాద్ మాత్రం ఒక్క మాట అన్నాడు. "గుర్రాలెన్నని అడగకు సార్. ఏడ గుంజుతదో అడుగు."

ఆ మాట అర్థం కావాలంటే రెండు ఇంజన్లను పక్కపక్కన పెట్టి చూడాలి. ప్యూజో బలం 62 హార్స్‌పవర్, అది వచ్చేది నిమిషానికి 4500 చుట్ల దగ్గర. మహీంద్రా వారి 2523 సీసీ డీఐ ఇంజన్, 2010లో థార్ డీఐలో వచ్చిన లెక్క ప్రకారం, 63 హార్స్‌పవర్, 3200 చుట్ల దగ్గర. గుర్రాలు చూస్తే ఒకటి తేడా. అసలు తేడా తిప్పే బలంలో ఉంది. దాన్ని టార్క్ అంటారు. ప్యూజోకి అది సుమారు 121 న్యూటన్ మీటర్లు, 2000 చుట్ల దగ్గర. డీఐకి 182.5, అదీ 1500 నుంచి 1800 చుట్ల మధ్య. అంటే ఒకటిన్నర రెట్లు. లెక్క కట్టి చూశాను. 1500 చుట్ల దగ్గర డీఐ చేతిలో 38 గుర్రాలుంటే, ప్యూజో చేతిలో మహా అయితే 25. బండరాయి మీదికి ముందు చక్రం ఎక్కిస్తున్నప్పుడు ఎవరైనా ఇంజన్‌ని తిప్పేది ఈ 1500 లోపే. 4500 దగ్గర ఎంత బలముంటే మాత్రం ఏం లాభం? ఆ చుట్లకు తీసుకెళితే చక్రం జారి రాయిని తోస్తుంది, బండి పక్కకు వాలుతుంది. రాళ్ళలో పనితనమంటే ఇంజన్ ఊపిరి తియ్యకముందే, అడుగు చుట్లలోనే, బండిని మోయగలగడం.

ఈ డీఐ ఇంజన్ పుట్టుపూర్వోత్తరాలు తెలిస్తే ఆ బలం ఎక్కడిదో తెలుస్తుంది. దాని సిలిండర్ వ్యాసం 88.9 మిల్లీమీటర్లు, పిస్టన్ నడిచే పొడవు 101.6. ఇవేం అంకెలు అనిపిస్తుంది. అంగుళాల్లోకి మార్చండి. సరిగ్గా మూడున్నర, సరిగ్గా నాలుగు. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ ఇంగ్లండులో చేసిన బీడీ-154 ట్రాక్టర్ ఇంజన్ కొలతలు ఇవే. మహీంద్రా 1963లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్, వోల్టాస్‌లతో కలిసి ట్రాక్టర్ కంపెనీ పెట్టి, 1965లో బీ-275 ట్రాక్టర్‌ని దించింది. ఆ వంశపు రక్తం ఇది. నాగలి లాగే ఇంజన్‌కి పరుగుతో పని లేదు. దున్నుతున్న నేలలో గట్టి పెళ్ళ తగిలినప్పుడు ఆగిపోకుండా, చుట్లు తగ్గే కొద్దీ ఇంకా బిగించి లాగడమే దాని ధర్మం. వ్యాసం కంటే పొడవు ఎక్కువ ఉన్న సిలిండర్లు అందుకు పనికొస్తాయి. ప్యూజోలో లెక్క తిరగబడుతుంది. వ్యాసం 90, పొడవు 83. అది కార్లూ వ్యానుల కోసం పుట్టింది.

ఇంకో సుగుణం పేరులోనే ఉంది. డీఐ అంటే డీజిల్ నేరుగా పిస్టన్ తల మీద ఉన్న గుంటలోకే చిమ్ముతుంది. ప్యూజోలో ముందు హెడ్డులోని చిన్న గదిలో మండి, అక్కడి నుంచి సిలిండర్‌లోకి వస్తుంది. ఆ గది గోడలు వేడిని తినేస్తాయి. అందుకే చలికాలం పొద్దున్నే హీటర్ ప్లగ్గులు ఎర్రబడేదాకా ఆగాలి. డీఐకి ఆ నిరీక్షణ లేదు, డీజిల్ కూడా తక్కువ తాగుతుంది. చప్పుడు మాత్రం ఎక్కువే, కుదుపూ ఎక్కువే. అది ఒప్పుకోవాలి. బరువు కూడా ఎక్కువ కాబట్టి ముందు కమానులకు ఒక పట్టీ చేర్చాల్సి వచ్చింది.

ఇక ఖర్చు మాటకు వస్తాను. దేవరకొండ, అచ్చంపేట దారుల్లో మనుషుల్ని ఫుట్‌బోర్డు దాకా నింపుకుని తిరిగిన కమాండర్ జీపుల్లో, తర్వాత బొలేరోల్లో ఇదే కుటుంబం ఇంజన్ నడిచింది. కాబట్టి పిస్టన్లు, బేరింగులు, గ్యాస్కెట్లు చిన్న మండలకేంద్రంలో కూడా దొరుకుతాయి. మహీంద్రా తన జీపుల్లో రెండు ఇంజన్లనూ వాడింది గనుక బెల్‌హౌసింగ్, మౌంటింగులు కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. కామన్ రైల్ ఇంజన్ పెడితే దానితో పాటు కంప్యూటరు, సెన్సర్లు, పెద్ద వైరింగు జడ అన్నీ రావాలి. వాగులో నీళ్ళు తగిలి ఒక్క సెన్సర్ మూగబోతే బండి నిలిచిపోతుంది. టర్బో స్కార్పియో ఇంజన్ గొప్పదే, కానీ అన్ని గుర్రాలను పాత జీపు గేరుబాక్సు ఎన్నాళ్ళు మోస్తుంది? గేరుబాక్సు మార్చాలి, ఆ తర్వాత యాక్సిళ్ళు. డబ్బు దారి పట్టాక ఆగదు. జిప్సీ ఉన్నవాళ్ళ సంగతి వేరు. 1298 సీసీ జిప్సీ ఇంజన్‌దీ పాత బలెనో కారులో వచ్చిన 1590 సీసీ ఇంజన్‌దీ ఒకే కుటుంబం, రెండూ పెట్రోలే. పరిగెత్తే బండి కావాలనుకునేవారికి అది మంచి జోడీ.

ఇంజన్ రకం తేలింది. ఎవరి దగ్గర, ఏ ఇంజన్ కొనాలన్నది మిగిలింది. ఇక్కడ నేనొక దెబ్బ తిన్నాను. నగరంలోనే ఇంకోచోట, వ్యాపారి పేరు అనవసరం, మెరిసే వెండి రంగు వేసిన డీఐ ఇంజన్ ఒకటి చూసి మురిసిపోయాను. స్టార్టు చేసి చూపించారు, పొగ లేదు. అడ్వాన్సు ఇచ్చేశాను. ఉస్తాద్ వచ్చి చూసినప్పుడు రంగు వైపు చూడనే లేదు. అప్పటికే వేడెక్కించి పెట్టిన ఇంజన్‌ని చల్లారే దాకా ఆగి, మళ్ళీ స్టార్టు చేయించాడు. ఆయిల్ పోసే మూత తీసి, ఆ రంధ్రం మీద అరచెయ్యి పెట్టాడు. నా చెయ్యి కూడా పట్టుకెళ్ళి పెట్టించాడు. లోపలి నుంచి వేడిగాలి కొలిమితిత్తిలా కొడుతోంది. రింగులు అరిగితే మంట గాలి పిస్టన్ పక్కల నుంచి జారి కింది గదిలోకి వస్తుంది, అదే ఈ ఊపిరి. తర్వాత క్రాంక్ పుల్లీని గడ్డపారతో ముందుకూ వెనక్కూ నెట్టి, టక్కుమన్న చప్పుడు వినిపించాడు. అడ్వాన్సు వెనక్కి రాలేదు. ఆ నష్టం ఇప్పటికీ గుచ్చుకుంటుంది, కానీ అరచెయ్యి పెట్టి చూడడం ఆ రోజే నేర్చుకున్నాను.

తర్వాత దొరికిన ఇంజన్ చూడడానికి నూనె జిడ్డు కట్టి, మట్టి పట్టి ఉంది. ఊపిరి సన్నగా ఉంది. డిప్‌స్టిక్ మీద నూనె నల్లగా ఉంది కానీ పాలు కలిపినట్టు లేదు, అంటే నీళ్ళు చేరలేదు. రేడియేటర్ మూత దగ్గర బుడగలు లేవు. దాన్ని తెచ్చి పూర్తిగా విప్పించాం. విప్పకుండా పెట్టడం ఉస్తాద్‌కి ఇష్టం లేదు. నేనూ అలాగే అంటాను. పాత ఇంజన్ కొనేవాళ్ళు విప్పి కట్టే ఖర్చును ధరలో కలుపుకునే కొనాలి.

బ్లాకు లేత్ షాపుకి వెళ్ళింది. అక్కడి మేస్త్రీ పనిని ఎంత సేపు చూసినా విసుగు రాలేదు. సిలిండర్ పై అంచున బొటనవేలి గోరు పెట్టి కిందికి జరిపాడు. గోరు ఎక్కడో చిన్నగా తట్టుకుంది. పై రింగు వెనక్కి తిరిగే చోటు అది. అక్కడే అరుగుదల ఎక్కువ, ఆ పైన రింగు తగలని చోట ఒక మెట్టు మిగిలిపోతుంది. తర్వాత బోర్ గేజి దించాడు. పైన, నడుమ, కింద, ఒక్కో చోటా రెండు దిక్కుల్లో. సిలిండర్ గుండ్రంగా అరగదు. పిస్టన్ ఎటు ఒత్తితే అటు కోలగా, పైన వెడల్పుగా అరుగుతుంది. కొలతలు సుద్దతో బ్లాకు మీదే రాసుకున్నాడు. బోరింగ్ అయ్యాక హోనింగు. రాళ్ళు తిరుగుతూ పైకీ కిందికీ నడుస్తుంటే సిలిండర్ గోడ మీద ఒకదాన్నొకటి కోసుకునే సన్నటి గీతలు పడతాయి. చేపలవల లాంటి ఆ గీతలే నూనెను పట్టి ఉంచుతాయి. అద్దంలా నున్నగా చేస్తే అందంగా కనిపిస్తుంది, కానీ నూనె నిలవదు, రింగులు కుదురుకోవు. దీపం లోపలికి దించి, మేస్త్రీ ఆ గీతల కోణాన్ని చాలాసేపు చూశాడు.

క్రాంక్ షాఫ్ట్ దగ్గర ఆయన చూపిన జాగ్రత్త ఇంకా గొప్పది. క్రాంకు జర్నల్‌ను పది థౌ, ఇరవై థౌ, ముప్ఫై థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) అని మెట్లుగా తగ్గించి, దానికి తగిన మందం బేరింగులు వేస్తారు. మాది ఇరవైలో తేలింది. జర్నల్ పక్క గోడను కలిసే మూల ఉంటుంది కదా, అక్కడ ఒక చిన్న వంపు ఉండాలి. గ్రైండింగ్ రాయి అంచు పదునుగా ఉంటే ఆ మూల కోసినట్టు తిన్నగా వస్తుంది. చూపుకి తేడా తెలియదు. కానీ ఆ మూలనే పగులు మొదలై, ఒకనాడు క్రాంకు రెండు ముక్కలవుతుంది. మేస్త్రీ పని మొదలుపెట్టే ముందు వజ్రపు మొనతో రాయి అంచునే గుండ్రంగా దిద్దుకున్నాడు. పని అయ్యాక ఆ వంపులో చూపుడువేలు పెట్టి తిప్పి చూసుకుని, నూనె రంధ్రాల అంచుల పదును కూడా తీసేశాడు. ఎవరూ అడగని పని. ఇంజన్ మూసేశాక ఎవరి కంటికీ కనిపించని పని. ఇలాంటి చేతులున్న ఊరు కాబట్టే పాత ఇంజన్‌ని నమ్మగలిగాను.

డీజిల్ పంపు, నాజిళ్ళు ఇంకో షాపులో. కంపెనీ పేరు బాష్‌గా మారి చాలా ఏళ్ళైనా ఇక్కడ అందరికీ అది ఇంకా మైకో పంపే. బెంచి మీద పంపు తిరుగుతుంటే నాలుగు గాజు గొట్టాల్లోకి డీజిల్ పడుతుంది. నాలుగూ ఒకే గీత దగ్గర ఆగాలి. మొదటిసారి మూడో గొట్టం ఒక గీత వెనకబడింది. ఆ చిన్న తేడా వల్లే ఇంజన్ ఖాళీగా తిరిగేటప్పుడు కుంటుతుందట. సరిచేశాక నాలుగు మట్టాలూ గీత గీసినట్టు ఒకే వరసలో నిలిచాయి.

ఉస్తాద్ షెడ్డులో కూర్పు మొదలైంది. ప్రతి రింగునీ సిలిండర్‌లో పెట్టి, పిస్టన్‌తో తోసి సమంగా నిలిపి, రెండు కొసల మధ్య సందును ఫీలర్ గేజితో కొలిచాడు. హెడ్డు బోల్టులు నడుమ నుంచి అంచులకు, మూడు విడతలుగా. బెల్‌హౌసింగ్ దగ్గర ఆయన ఒక పూట ఖర్చుపెట్టాడు. ఫ్లైవీలుకు డయల్ గేజి బిగించి, చేత్తో తిప్పుతూ హౌసింగ్ రంధ్రం చుట్టూ ముల్లును నడిపించాడు. ఇంజన్ నడుమూ గేరుబాక్సు నడుమూ ఒకే గీతలో లేకపోతే క్లచ్ వణుకుతుంది, గేర్లు జారతాయి, ముందు బేరింగు అరిగిపోతుంది. చాలామంది వేరే ఇంజన్ పెట్టాక గేరుబాక్సును తిట్టుకునేది దీనివల్లే. మౌంటింగులకు ముందు అట్టముక్క కత్తిరించి కొలత చూసుకున్నాడు. రేకు కోసి, చుక్క వెల్డింగు మాత్రమే పెట్టాడు. జాకీతో ముందు యాక్సిల్‌ను పూర్తిగా పైకి ఎత్తి, సంపు కింద డిఫరెన్షియల్‌కీ ముందు షాఫ్టుకీ ఎంత సందుందో వేళ్ళతో కొలిచి చూశాకే పూర్తి వెల్డింగు. ఫోర్ వీల్ జీపులో ఈ పని మర్చిపోతే మొదటి గుంతలోనే సంపు పగులుతుంది.

ఇంకొకటి నాకు తట్టనే లేదు. వెనక డిఫరెన్షియల్ మూత తీయించి పళ్ళు లెక్కపెట్టమన్నాడు. క్రౌన్‌కి 43, పినియన్‌కి 8. పాత జీపుల్లో తరచూ కనిపించే 5.38 నిష్పత్తి అది. డీఐ 3200 చుట్లకే ఆగుతుంది. ఆ పళ్ళతో, నా టైర్ల కొలతతో, టాప్ గేరులో గంటకు 80 కిలోమీటర్లు దాటదు. 47కి 11 పళ్ళ జత వేస్తే 100 దాకా వస్తుంది, రాళ్ళలో లాగే బలం కొంత పోతుంది. డీఐకి అడుగు చుట్ల బలం దండిగా ఉంది కాబట్టి ఆ కొంత పోయినా ఫరవాలేదన్నాడు. ముందూ వెనకా రెండూ ఒకేసారి మార్చాం. ఒకటి మార్చి ఒకటి వదిలేస్తే ఫోర్ వీల్ వేసిన క్షణమే యాక్సిళ్ళు ఒకదానితో ఒకటి కొట్లాడుకుంటాయి.

కాగితాల పని కూడా పనితనంలో భాగమే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇంజన్ మారిస్తే రిజిస్ట్రేషన్ అధికారి దగ్గర ఆర్‌సీలో రాయించుకోవాలి, దానికి 14 రోజుల గడువు ఉంది. బండి రూపురేఖలు తయారీదారు చెప్పినదానికి భిన్నంగా మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో గట్టిగా చెప్పింది. డీజిల్ బండికి డీజిల్ ఇంజనే, అదే కంపెనీది, ఆ బండి జాతికి వచ్చినదే ఎంచుకోవడానికి ఇదీ ఒక కారణం. అందుకే కొనేటప్పుడే బిల్లు, ఆ ఇంజన్ ఏ బండిలోంచి వచ్చిందో దాని ఆర్‌సీ నకలు అడిగి తీసుకోవాలి. ముందే అధికారిని కలిసి అడగడం ఇంకా మంచిది. పదిహేనేళ్ళు దాటిన బండిని మళ్ళీ రిజిస్టర్ చేయించేటప్పుడు ఇన్‌స్పెక్టర్ కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది నంబరు ముద్ర తీస్తాడు. అది ఆర్‌సీతో కలవకపోతే ఇంత శ్రమా షెడ్డులోనే ఉండిపోతుంది.

నెల తిరగకుండా రాచకొండ వెళ్ళాం. రేచర్ల వెలమ రాజుల కోట ఉన్న గుట్టలు, సంస్థాన్ నారాయణపురం దాటాక. ఊరివాళ్ళు బండ్లు తోలుకునే దారే, వానలకు మట్టి కొట్టుకుపోయి రాళ్ళు తేలి ఉంది. లో గేరు వేసి క్లచ్ వదిలాను. యాక్సిలరేటర్ మీద కాలు పెట్టలేదు. ఇంజన్ డగ్ డగ్ మని లెక్కపెట్టగలిగేంత నెమ్మదిగా కొట్టుకుంటూ, ముందు చక్రాన్ని రాయి మీదికి ఎత్తి, ఒక్క క్షణం బరువు తూచి, అవతలికి దించింది. పక్కన కూర్చున్న ఉస్తాద్ కళ్ళు మూసుకుని వింటున్నాడు. పైకి వెళ్ళాక బానెట్ ఎత్తి, ఆయిల్ మూత తీసి, అరచెయ్యి పెట్టాడు.

అయిదొందల కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ షెడ్డుకి రమ్మన్నాడు. హెడ్డు బోల్టులు మరోసారి బిగించి, టాపెట్ సందులు చూడాలట. వెళ్ళాను. ఎనిమిదింటిలో ఏడు పెట్టినచోటే ఉన్నాయి. ఎనిమిదోది కాస్త బిగిసింది. మొదటిరోజు చెమ్మ కనిపించిన వాల్వు అదే. ఫీలర్ రేకు సందులో జారి, ఎక్కడా పట్టుకోకుండా, ఎక్కడా వదులుగా లేకుండా బయటికి వచ్చేదాకా స్క్రూను వెంట్రుకవాసి తిప్పాడు. నట్టు బిగించి, బిగించేటప్పుడు కదిలిందేమోనని మళ్ళీ రేకు పెట్టి చూశాడు.